పై బాణం

తార్తులో రాత్రి రెండున్నర.
ఎమాయిగి నది గడ్డకట్టింది,
దాని మీద ఎవరో దాటిపోయిన అడుగులు.

ఈ బల్లకి మౌస్ లేదు.
హెల్వి దాన్ని ఎప్పుడో సొరుగులో పడేసింది.
చెయ్యి కీబోర్డు వదిలితే ఆలోచన జారిపోతుందనేదట.
ఆ సొరుగు నేనింకా తెరవలేదు.

మబ్బు అంటారు గాని
మా మబ్బు సముద్రం అవతల, ఫిన్లాండ్‌లో
కిటికీల్లేని ఒక షెడ్డు.
కురవదు. హోరుమంటుంది.
ఊళ్ళో బస్సుల వేళలన్నీ అందులోనే.
ఈ రాత్రి ఏ స్టాపు బోర్డు మీదా బస్సు లేదు.

ఫోన్లో ఉలో మూడోసారి: "అయిందా?"

ఆదేశం గుర్తు రాలేదు.
కంట్రోల్, ఆర్.
మూడక్షరాలు కొట్టానో లేదో
హెల్వి వచ్చింది.

ఎంత పొడవో ఆమె వాక్యం!
నాలుగు పైపులు, చివర తోకలా ఒక ఫ్లాగు.
అయిదేళ్ళ కిందటి ఎంగిలి.
కళ్ళకద్దుకుని తిన్నాను.

పై బాణం. ఇంకా పాత హెల్వి.
పై బాణం.
స్టేటస్ అన్న మాటని వరసగా మూడుసార్లు తప్పు కొట్టింది,
నాలుగోసారికి కుదిరింది.
పక్కన టైము: తెల్లవారుజాము నాలుగుంపావు.
చలికో, నిద్రకో, భయానికో ఆ వేళ్ళు
అడగడానికి లేదు.
సారెమా దీవిలో తేనెటీగలు పెంచుతోంది,
ఫోను ఎత్తదు.

సరే, చెడిపోయినదాన్ని తీసేద్దామని
డిలీట్ దాకా కొట్టాను,
పేరు కోసం మళ్ళీ పై బాణం.
అప్పుడొచ్చింది, ఆదేశం కానిది,
ముందు ఒక హ్యాష్ గుర్తుతో
యంత్రం చదవని వరస:

# హెల్వీ, ఆగు. ఏ ఊళ్ళో ఉన్నావో చూసుకో.

తనకి తాను రాసుకుంది.
నేను చూసుకున్నాను.
పరీక్షల క్లస్టర్ అనుకుంటున్నాను గదా,
ఊరంతా ఉన్న క్లస్టర్‌లో నిలబడి ఉన్నాను,
చేతిలో గొడ్డలి.

కంట్రోల్-సి.
కాసేపు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాను.

ఆ తర్వాత పని చిన్నదే.
ఎడిటర్లో తప్పు పేరు పద్నాలుగు చోట్ల ఉంది.
కంట్రోల్-డి నొక్కుతూ పోతే పద్నాలుగు కర్సర్లు
ఒకే మాట మీద నిలబడ్డాయి.
దిద్దాను. సేవ్ చేశాను. పంపాను.

బోర్డు మీద మొదటి బస్సు: అయిదూ ఇరవై.

ఒకసారి సరిచూద్దామని స్టేటస్ కొట్టబోయి
తప్పు కొట్టాను.
చెరపలేదు, ఎంటర్ నొక్కాను.
ఉండనీ,
పైకి వెళ్తూ ఎవరికైనా తగులుతుంది.