బతికున్నవాటి లెక్క

గుత్తి బస్టాండులో మొదట అడిగిన మనిషి
"డకోటానా? ఇదో, నాది సూడప్పా" అని
సీటు చినిగిన లూనా చూపించినాడు.
రెండో ఆయన, బావమరిది ఆటో.
బల్లలు తుడిచే పిల్లోడు
ఓనరు వైపు చూసి కన్ను గీటినాడు.

ఎప్పుడు దిగిందో ఆ పేరు ఆకాశం నుంచి,
కిక్కు కొట్టినా కదలని ప్రతి బండికీ
నామకరణం చేసుకుంటా పోయింది.
నేను వెతికేది అసలుదాన్ని.
రెండింజన్లది. నేల మీద నిలబెడితే
తోక ఆనించి, ముక్కు పైకెత్తి
రొట్టె ముక్క కోసం కుక్క కూర్చున్నట్టు కూర్చునేది.

గుంతకల్లు డీజిల్ షెడ్డులో
ముప్ఫై రెండేళ్లు ఇంజన్ల దగ్గు విన్న చెవులు నావి.
రిటైరైనాక రైల్వే డైరీలో నాలుగు గడులు గీసినాను:
నంబరు, ఆఖరున చూసిన చోటు, చూసినోళ్లు, బతికుందా.
మూడు పెన్నుతో.
నాలుగోది పెన్సిలుతో.

బెంగుళూరులో ఒకటుంది. రంగు వేసినారు,
చుట్టూ తాడు కట్టినారు, ముట్టుకుంటే వాచ్‌మన్ ఈల.
అది బతికున్నట్టే అనుకోవాల.
నాగపూరు దగ్గర ఇంకొకటి, రెక్కలు లేవు,
కడుపులో పావురాలు.
నాక్కావాల్సింది ఈ రెండూ కాదు.
నంబరు చివర నాలుగు, ఒకటి, ఏడు.

పాత ఇనుము దస్తగిరి అంగట్లో
చెదలు తిని విసుగొచ్చి వదిలేసిన లెక్కల పుస్తకం.
వాళ్ల జేజినాయన రాత:
"ఇమానం తుక్కు. మూడు లారీలు. తూకం బాకీ."
ఆ బాకీ తూకం కోసమే
ఐదు ఎండాకాలాలు తిరిగినాను.

పామిడిలో రెక్క చెక్క ఒకటి
శెనక్కాయల షెడ్డు మీద రేకైంది.
నిచ్చెనేసి ఎక్కి, కళ్లు మూసుకుని
రివిట్ల వరస తడిమినాను.
ఆ కుట్టు ఇంకెవరూ కుట్టరు.
ఉరవకొండ దారిలో కదిరప్ప బండికి దాని చక్రాలు.
టైర్లు ఎప్పుడో చీలిపోతే
ఎద్దుతోలు కోసి అతుకులేసినాడు.
"యాడివి తాతా?"
"పైనుంచి పడినాయ్" అని నవ్వి
ఎద్దుల్ని అదిలించినాడు.
పద్నాలుగు సిలిండర్లుండే ఇంజను,
ముందునుంచి చూస్తే పొద్దుతిరుగుడు పువ్వు.
దాంట్లో ఒక్క రేకు మాత్రం
కమ్మరి కొలిమి పక్కన, తలుపు కొట్టుకోకుండా అడ్డం.

తొలకరి పడినాక వజ్రకరూరు చేలల్లో
ఊరూరి జనం నడుములు వంచి నేల వెతుకుతా ఉంటారు.
నేనూ వంగినాను.
"రాయేమన్నా తగిలిందా?" అనింది పక్క సాలులో ఆమె.
"అల్యూమినియం కోసమమ్మా" అన్నాను.
ఎండ తగిలిందనుకునిందేమో,
ఉగ్గాని పొట్లం విప్పి సగం పెట్టింది.
తింటా తింటా మొత్తం చెప్పినాను.
విని, చెయ్యి చీరకు తుడుచుకుని
"మా ఇంటికి రా" అనింది.

సుంకులమ్మ ఇంటెనక నీళ్ల తొట్టి.
తొట్టి మీద మూత,
వాళ్ల అత్త కాపురానికొచ్చేటప్పటికే ఉండిందంట.
తిప్పి చూస్తే లోపలి వైపు
నాలుగు రివిట్లు, చిన్న పలక.
అంకెలు వేలికి తగులుతున్నాయి.
నాలుగు.
ఒకటి.
మూడోదాన్ని ఇద్దరు కోడళ్లు
బూడిదేసి తోమి తోమి అరగదీసినారు.
ఏడు కావచ్చు. ఇంకో ఒకటి కావచ్చు.

"దుడ్లిస్తానమ్మా."
"ఎగిరేది దొరికితే తీస్కపో.
మూత ఇయ్యను, ఉడతలు పడి సస్తాయి."
చెంబు ముంచి ఇచ్చింది. తాగినాను.
మూత మళ్లీ కప్పితే గొంతు సవరించుకున్నట్టు
చిన్న మోత. అంతే.
దాన్ని ఇంజను చప్పుడని నేను రాయలేను.

నాలుగో గడిలో పెన్సిలు చాలాసేపు ఆగింది.
"నీళ్ల మీద ఉంది" అని రాసినాను.

అంతలో సందు చివర దుమ్ము లేసింది.
అద్దాలు లేని, ప్రతి బోల్టూ ఒక్కో మాట మాట్లాడే
ఉరవకొండ బస్సు.
"అద్దో," అనింది సుంకులమ్మ,
"నీ డకోటా వచ్చె. పరిగెత్తు."

ఎక్కినాను. ఎడమవైపు, రెక్క ఉండాల్సిన చోట,
కిటికీ పక్క సీటు.