చివరి ముడి తర్వాత

పర్లాకిమిడి మున్సిపాలిటీ ఎదురుగా
జిరాక్సు మిషనుకీ పాన్ డబ్బాకీ మధ్య
నా బల్ల, నా స్కేలు, ఒక కాలు పొట్టిదైన స్టూలు.
ఇళ్ళు గీస్తాను.
కట్టేవాళ్ళు వేరే.

తవిటమ్మ కొలతలు కాగితం మీద తేలేదు.
పురికొస తెచ్చింది, ముడులు వేసి.
ఇక్కడికి వంటిల్లు.
ఇక్కడికి మేం నడుం వాల్చీది.
ఆఖరి ముడి తర్వాత ఇంకా బారెడు వేలాడుతోంది.
"అదిప్పుడు కాదు బాబూ.
పునాదేసి, నడుమెత్తు గోడ లేపి ఒగ్గేస్తాం."

ఒగ్గేసినదానికి ఏం పేరు రాయను?
ప్లానులో గడి ఖాళీగా కనిపిస్తే చాలు
జేఈ జెనా బాబు ఎర్ర సిరాతో సున్నా చుడతాడు.
ఏ ఘొరొ కొణొ?
ఇదేం గది, ఇదేం గది, అని
పెన్ను మూతతో దాన్ని పొడుస్తాడు,
నిద్రపోతున్న కుక్కని లేపినట్టు.

పడగ్గది అంటే కిటికీ ఎంతంటాడు.
దుకాణం అంటే వేరే ఫారం.
పూజగది అని రాస్తే, పన్నెండడుగుల దేవుడెవడయ్యా అని నవ్వుతాడు.
స్టోరు అంటే మాత్రం ఏమీ అనడు.
అందుకే నా గీతల ప్రకారం
ఈ ఊరు ఊరంతా ఏదో దాచుకుంటోంది.

"స్టోరని రాసేయనా?"
"దాచడానికి మాకేటుంది బాబూ."
"మీ ఆయనేమంటాడు?"
"ఆయన కొమ్ముతో కొంగల్ని చేస్తాడు కదా,
కొంగలకి గది అంటాడు.
దుమ్ము నాను తుడవలేనంటాను.
మా అత్త తన పేణం పోయేది అందులోనే అంటాది.
మా గుంట మాటాడదు,
పురికొస చివర వేలికి చుట్టుకుని కూకుంటాది."
"మరి నువ్వు?"

నన్నెవరడిగారు అన్నట్టు చూసింది.
పాన్ డబ్బా వైపు తిరిగి, మళ్ళీ ఇటు తిరిగి,
"గోడలు లేవనీ బాబూ,
అదే చెప్తాది."

ఆ రాత్రి భోంచేస్తున్నప్పుడు
మా ఆవిడ కేకేసింది: "స్టడీలో ఉల్లిపాయలున్నాయి, నాలుగు తే."

పందొమ్మిదేళ్ళ కిందట మా ప్లాను నేనే గీసుకున్నాను.
చెయ్యి బాగా తిరుగుతున్న రోజులు.
వెనక గది మీద, వరసలో ఒక్కక్షరం పక్కకి పోకుండా
స్టడీ అని రాశాను.
పూత పడలేదు. కిటికీకి గోనెపట్టా.
లోపలికి పుస్తకమన్నది పోలేదు.
మొన్న వానల్లో స్టడీలో మేక ఈనింది.
ఆ గదికి పూర్తయింది
పేరొక్కటే.

ఉల్లిపాయలు ఏరుతూ కాసేపు అక్కడే నిలబడ్డాను.
ఇటుకల సందుల్లో సిమెంటు
పిండినట్టే గట్టిపడి ఉంది, తాపీ గుర్తులతో సహా.

మర్నాడు తవిటమ్మ కాగితం మీద స్టోరు అనే రాశాను.
నా పొట్ట నాది, జెనా బాబు ఎర్ర సిరా ఆయనది.
కానీ కొండవైపు గోడకి
నాలుగడుగుల కిటికీ గీశాను. ఆమె అడగలేదు.
"స్టోరుకి ఇంత కిటికీ దేనికి?"
"ముక్కిపోకుండా సార్."
"ఏం ముక్కిపోకుండా?"
నాకు జవాబు తోచలేదు.
ఆయనకి టీ వచ్చింది.

రబ్బరు ముద్ర పడేటప్పుడు
నా మాట మీదే పడింది, ఊదారంగు ముద్దగా.
తవిటమ్మ కాగితం తిప్పి తిప్పి చూసి
"ఇక్కడేటి రాసుంది?" అంది.
ముద్ర ఉంది, అన్నాను.
"అంతేనా?"
అంతే.

చుట్టి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.
పురికొస నా బల్ల మీదే మరిచిపోయింది.
మూడు రోజులు చూశాను, రాలేదు.
ఇప్పుడు ప్లానుల కట్టలకి చుడుతున్నాను.
ముడులున్న చోట బిగుసుకుంటుంది.
ముడి లేని ఆ బారెడు మాత్రం
ఏ కట్టకైనా సరిపోతోంది.