తెగేదాకా

తెగేదాకా లాగకూడదంటారు.
తెగేదాకా లాగడమే ఆవిడ ఉద్యోగం.

రెండు ఇనుప పళ్ల మధ్య ఒక్క పోగు,
వెంట్రుక కన్నా సన్నం.
గళ్ల కాగితమ్మీద ఎగబాకే ముల్లు.
చివర్న టప్‌మని చిన్న చప్పుడు.
ఆ చప్పుడుకి ముందు ఎంత బరువు మోసింది, ఎంత సాగింది
అన్నీ పెన్సిల్‌తో రాసుకునేది హెన్రియెట్ వోంకెన్.
సిరాతో రాస్తే అబద్ధం కూడా త్వరగా ఆరిపోతుందనేది.

నేను ఆ లాబొరేటరీలో గాజు ఊదేవాణ్ణి.
ఫ్లాస్కు మెడ విరిగినా, కండెన్సరు చిట్లినా నా బల్ల మీదికే.
కాబట్టి ఆవిడ గురించి నాకు తెలిసిందంతా
పగుళ్ల వైపు నుంచి.

లింబుర్గ్‌లో బొగ్గు గనులు మూసేసిన ఏడాది
ఆవిడకి పదహారేళ్లు.
తండ్రి ఊపిరితిత్తుల్లో మాత్రం
రాత్రి షిఫ్టు ఇంకా నడుస్తూనే ఉంది.
"బొగ్గూ కర్బనమే నాన్నా, నా సీసాలోదీ కర్బనమే,
వరసలో నిలబెట్టడమే తేడా" అందట ఓసారి.
"వరసలో నిలబడ్డం మాకూ నేర్పారులే,
భత్యం ఆఫీసు ముందు"
అని దగ్గాడట ఆయన.

అణువులు పొడుగు, చెప్పలేనంత పొడుగు,
ఒకదాన్నొకటి చుట్టుకుని పీటముడి.
అందరూ వేడి చేసి లాగారు.
ఈవిడ నూనె పోసింది,
చిక్కుపడ్డ జుట్టుకి పోసినట్టు, ధారాళంగా.
"వాటికి మసలే చోటివ్వండి" అంది, "తర్వాత లాగుదాం."

మూడు శీతాకాలాలు పోగు రాలేదు.
ముద్ద వచ్చింది, బంక వచ్చింది,
ఒకసారి అగ్నిమాపక శకటం వచ్చింది.

నాలుగో ఏడు కార్నివాల్ సెలవులకి ముందు
పరమరిబో నుంచి వచ్చిన టెక్నీషియన్ వోన్నీ కార్తోసేన్
చల్లగదిలో ఒక చుట్ట మర్చిపోయాడు.
ఊరంతా ముఖాలకి రంగులేసుకుని ఊగింది.
బుధవారం పొద్దున, చెవి వెనక ఇంకా ఆకుపచ్చ రంగుతోనే
అతనే దాన్ని యంత్రానికి బిగించాడు.
ముల్లు పాకింది, పాకింది, కాగితం అయిపోయింది.
పోగు తెగలేదు.
ఇనుప పళ్లే జారాయి.

పేటెంటులో నాలుగు పేర్లు. కార్తోసేన్ పేరు లేదు.
అడిగాను.
"తప్పు జరిగింది" అంది.
దిద్దుతాననలేదు.

తర్వాత మేడ మీద గది, కాళ్ల కింద తివాచీ,
చేతికింద అరవై రెండు మంది.
డైరెక్టరుగా మొదటి వారం గోడకి ఒక కాగితం అంటించింది:
చేతులు పెట్టినవాళ్ల పేరు లేకుండా
ఇక్కణ్ణుంచి ఏ వ్యాసమూ బయటికి పోదు.
కార్తోసేన్ అప్పటికి రోటర్‌డామ్ వెళ్లిపోయి
లిఫ్టులు బాగుచేస్తున్నాడు.

లాగి వదిలిన ప్రతి పదార్థానికీ
మరిచిపోయే కాలమొకటి ఉంటుందని కొత్తవాళ్లకి చెప్పేది.
కొన్నిటికి లిప్తపాటు చాలు. కొన్ని మనమున్నంతలో మరిచిపోవు.

ఖర్చు తగ్గించమని పైనుంచి ఉత్తరం వచ్చిన ఏడు
పదకొండు మందిని పంపించాలి.
గదికి పిలవలేదు. ప్రతి బల్ల దగ్గరికీ తనే వెళ్లింది,
నిలబడే చెప్పింది.
ఒకడు తిట్టాడు. ఒకామె, పాపం, కాఫీ ఇచ్చింది.
ఆ రాత్రి యంత్రం గది తాళం నన్నడిగింది.
గోడవతలనుంచి లెక్కపెట్టాను,
పదకొండు చప్పుళ్లు.
మర్నాడు చూస్తే పుస్తకంలో ఏమీ రాసి లేదు.

పదవీ విరమణ సభలో ఎవరెవరో మాట్లాడారు.
నేను చెర్రీపళ్ల వ్లాయ్ రెండు ముక్కలు తిన్నాను.

మొన్న వేసవిలో మాస్ నది గట్టున కనిపించింది, చేతికర్రతో.
రేవులో ఒక పడవ, దాన్ని పట్టుకుని నీలం తాడు.
వంగింది. గోటితో గీకింది, వాసన చూసింది,
ఆ డెబ్బై ఏళ్ల చేతుల్తో ఒక్క గుంజు గుంజింది.
పడవలో కునుకుతున్నాయన ఉలిక్కిపడి లేచాడు.

"మనది కాదు" అంది నాతో.
"నాసిరకం పాలియెస్టరు."

కాసేపు నీళ్లవైపు చూసి,
"అయినా పట్టుకునే ఉంది చూడు" అంది,
కొంచెం కోపంగానే.