మూత కాదు

మూడు మూతలు కొన్నాడు ఆర్విల్ టిడ్‌వెల్,
మూడోది తాళంచెవితో సహా.
కౌంటరు మీద వరసగా పెట్టి
"ఇంకేం బిగించమంటావు?" అన్నాడు.
రీనోలో డిసెంబరు పొద్దున.
షట్టరు సగమే ఎత్తాను, చలికి.

ముప్పై ఏళ్లు బడి బస్సు తోలిన మనిషికి
పెట్రోలు మూత బిగించడం రాదంటోందట ఇంటావిడ వెర్నా.
డాష్‌బోర్డులో పసుపు దీపం వెలిగినప్పుడల్లా
పక్క సీట్లోంచి ఒక నిట్టూర్పు.
"దీపాన్నైనా భరించొచ్చు గాని..."

కోడ్ చదివాను.
చిన్న లీకు. అంతవరకే చెబుతుంది,
ఊళ్లో దొంగ పడ్డాడని అరిచి
ఏ ఇంట్లోనో చెప్పని తలారిలా.

పెట్రోలు ఊరికే ఉండదు.
ట్యాంకులో పడుకున్నట్టే పడుకుని ఆవిరై లేస్తుంది.
దాన్ని గాలికి వదలకూడదని
ఒక నల్ల డబ్బా నిండా బొగ్గు పెట్టారు.
బొగ్గు ఆ ఆవిరిని పీల్చి దాచుకుంటుంది,
ఇంజను అడిగితే తిరిగిస్తుంది.
అప్పు ఎగ్గొట్టని బొగ్గు.
మధ్యలో గొట్టాలు, కవాటాలు, రబ్బరు,
ఎక్కడో ఒకచోట సూదిమొన పట్టేంత సందు.
వేసవిలో అయితే ముక్కుకి దొరికేదేమో.

మా తాత గొయెనెచె ఈ ఎడారిలో గొర్రెలు కాసినవాడు.
జబ్బుపడ్డదాన్ని నడకలో కాదు,
రాత్రి మంద పడుకున్నాక ఊపిరిలో పట్టేవాడట.
నాకు అంత చెవి లేదు.
పొగ మిషను ఉంది,
వాయిదాలు ఇంకా ఏడు మిగిలాయి.

బయటి గాలి దారి మూసి
పొగ వదిలాను, మెల్లగా,
పసిపాపకి పాలు పట్టినంత మెల్లగా.
గట్టిగా ఊదితే లేని చిల్లు కూడా పడుతుంది.
టార్చి పట్టుకుని కారు కింద పడుకున్నాను.
మూత దగ్గర ఏమీ లేదు.
దాని కింది గొట్టానికి తుప్పుంది, పొగ లేదు.
బొగ్గు డబ్బా మీద సాలెగూడు,
అది కూడా కదల్లేదు.

"అమ్మాయీ, డిక్కీలో ఏదో ఉడుకుతోంది."

బౌలింగు బంతి సంచి పక్కన
తివాచీ అంచులోంచి
తెల్లటి దారం ఒకటి లేస్తోంది,
తొందర లేకుండా,
ఇక్కడ ఎవరితోనూ పనిలేనట్టు.

సంచి తీశాను. తివాచీ ఎత్తాను.
రేకు మూత మరల మీద
ఆకుపచ్చ పెయింటు చుక్కలు.
నేను పెట్టినవే.
పని అయ్యాక ప్రతి మర మీదా పెడతాను,
ఇది నా చేతి పని అని గుర్తుకి.

అక్టోబరులో ఈ కారుకి పంపు మార్చాను,
ఆరు కార్లు వరసలో ఉన్న శుక్రవారం సాయంత్రం.
పంపు కింద రబ్బరు వలయం
ఒకచోట మెలిపడి నలిగి
పెదవి కొరుక్కున్నట్టుంది.
కొత్తది వేయాల్సిన చోట
పాతదే తుడిచి వేశాను.
ఎందుకో గుర్తులేదు.
గుర్తుంది. మూసే వేళైంది.

ఆర్విల్ ఏమీ అడగలేదు,
పొగనే చూస్తున్నాడు, కొంచెం సంబరంగా కూడా.
పాతదై పగిలిందని అనొచ్చు.
రబ్బరు కదా, ఎవరైనా నమ్ముతారు.
నోరు తెరిచేదాకా నాకే తెలియదు ఏ మాట వస్తుందో.

"ఇది నేను చేసిన తప్పు."

ఆయన టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.
"అంటే, మూత కాదు."
"కాదు."
"మూడింట్లో ఏదీ కాదు."
"మొదటిది కూడా బాగానే ఉంది."
కాసేపు సంచి జిప్పు అటూ ఇటూ లాగుతూ నిలబడ్డాడు.

కొత్త వలయానికి పల్చగా నూనె రాసి కూర్చోబెట్టాను.
చుట్టూ రెండుసార్లు వేలు తిప్పి చూశాను,
మూడోసారి కూడా.
మళ్లీ పొగ వదిలితే ముల్లు కదలకుండా నిలబడింది.
డబ్బు తీసుకోలేదు.
మూతల డబ్బు ఇవ్వబోతే ఆయనా తీసుకోలేదు.

దీపాన్ని నేను చెరిపేయగలను.
కానీ కారు తనంతట తాను నమ్మాలి.
ట్యాంకు సగం ఉంచి, రాత్రి చలిలో వదిలేసి
తెల్లారి నడిపితే
తన ఊపిరి తానే బిగబట్టి చూసుకుంటుంది.

నాలుగో రోజు ఫోను.
"దీపం రాలేదు. పరీక్ష కూడా పాసయ్యింది."
"మంచిది."
"ఆగాగు, పెట్టేయకు. వెర్నా పక్కనే ఉంది.
ఆ రోజు నాతో అన్న మాట
ఉన్నదున్నట్టు
ఆవిడకి చెప్పు."