తాలు

యార్డుకి వేసవి సెలవులిచ్చిన రోజే
మంచం కింద గోతం మీదికి చేరింది.
దానికి పేరు పెట్టలేదు నేను.
పెడితే నాదైపోతుందని భయం.

రెండు నెలలుగా చూస్తూనే ఉన్నా.
ముందు రొమ్ములు గులాబీ రంగుకి తిరిగాయి.
తర్వాత పొట్ట దిగింది.
గోడలు దూకేది కాస్తా గోడ వారనే నడిచింది.
మిర్చి టిక్కీల మధ్య తుమ్ముకుంటూ తిరిగే పిల్లి,
ఓ సాయంత్రం ఏటుకూరు రోడ్డు దాటి
నా వెనకాలే వచ్చేసింది.
నా వెనకాలే ఎందుకంటే
టిఫిను గిన్నెలో ఎండుచేప తల ఉంది, అంతే.

ఆ పూట ఏమీ ముట్టలేదు.
నాగూర్బీ వంగి చూసి "ఈ రాత్రికే" అంది.
మా పేటలో ఎన్ని పురుళ్ళు పోసిందో ఆవిడకే లెక్క లేదు.
ఇప్పుడందరూ పెద్దాసుపత్రికి పోతున్నారు.
ఆవిడ చేతులు ఊరికే ఉన్నాయి.

కరెంటు పోయింది.
సెల్లు లైటు గోడకేసి కొట్టి పెట్టా, దాని కళ్ళలో పడకుండా.
మొదటిది తడి సంచిలో జారింది.
సంచి చీల్చి, బొడ్డు కొరికి, మాయ తినేసి
నాకడం మొదలెట్టింది గరుకు నాలుకతో,
చాట చెరిగినట్టు, ఒక వరసలో.
రెండోది. మూడోది.
తర్వాత చాలాసేపు ఏమీ లేదు,
నాగూర్బీ వక్క కొరుకుతున్న చప్పుడు తప్ప.

నాలుగోది వచ్చేసరికి తల్లికి ఓపిక అయిపోయింది.
సంచి చిరిగింది గానీ పిల్ల కదల్లేదు.
గుప్పెట్లో సగం లేదు. పాలిపోయి ఉంది.
తాలు, అనుకున్నా.

నా పనే అది.
పదిహేడేళ్ళుగా తేజా రాశి ముందు కూర్చుని
తొడిమ తుంచి, రంగు పోయినది పక్కకి,
మచ్చ పడ్డది పక్కకి.
కన్ను ఆగదు, చెయ్యి ఆగదు.

"తుడువే" అంది నాగూర్బీ, "నా వేళ్ళు వణుకుతున్నాయి."
చేతులు చాచి ఆగిపోయాను.
పొద్దున కాయ తుంచిన చేతులు.
సబ్బుకి పోదు, మజ్జిగకి పోదు,
కొబ్బరినూనెకి కాస్త పడుకుని
చెమట పట్టగానే లేస్తుంది మంట.

ఈ చేతులతోనే మా సువార్తకి పాలిచ్చాను.
మూడు నెలల పిల్ల.
రొమ్ము నోట్లో పెట్టగానే గుక్క పట్టేది.
పాలు పడలేదన్నారు. దిష్టన్నారు.
ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశారు!
నెల పట్టింది నాకు తెలియడానికి.
అప్పట్నుంచి మోచేత్తో జాకెట్టు తొలగించుకునేదాన్ని.

కొంగు చేతికి చుట్టుకున్నా, రెండు మడతలు.
ముక్కు తుడిచా. వీపు రుద్దా.
తల కిందికి వంచమంది, వంచా.
బయట ఎవరో లారీ వెనక్కి తీస్తున్నారు.
దాని పాట రెండుసార్లు మోగి అయిపోయింది.
అప్పుడు, కొంగులో,
నెమ్ము పట్టిన అగ్గిపుల్ల గీసినట్టు
చిన్న చప్పుడు.

మిగతా మూడూ తలో రొమ్మూ పట్టేశాయి.
వెనక కాళ్ళ దగ్గరొకటి దొరికింది దీనికి.

సెలవుల్లో కూలి లేదు.
పొయ్యిలో పిల్లి లేవలేదని అనుకోవడానికీ వీల్లేదు,
పిల్లి మంచం కిందుంది,
పాల పాకెట్లు అప్పులో ఉన్నాయి.
తొమ్మిదో రోజుకి మూడూ కళ్ళు విప్పాయి.
తాలు పన్నెండో రోజుకి విప్పింది,
అదీ ఒక్క కన్నే. దాంతోనే నన్ను కోపంగా చూసింది.

యార్డు తెరిచే ముందు, తెల్లారగట్ల, ఇల్లు మార్చింది.
ఏడిళ్ళు తిప్పుతుందంటారు. నాది ఎన్నోదో.
మెడ కరిచి పట్టుకుని ఒక్కొక్కదాన్నే
నాగూర్బీ పెరట్లో పాడైన కూలర్లోకి.
నాలుగు తడవలు.
తాలుని ముందు తీసుకెళ్ళిందో చివర్నో
నిద్రమత్తులో చూళ్ళేదు.

ఐదోసారి మళ్ళీ వచ్చింది.
ఖాళీ గోతం వాసన చూసింది, మూలమూలా.
ఒక మడత కాలితో లేపి చూసింది.
తర్వాత నా వైపు చూసింది.

రెండు చేతులూ తిరగేసి చూపించా.