రుద్దని రూపాయి

కురుపాం మార్కెట్ వెనక సందులో
ముప్పై నాలుగేళ్లుగా వెండికి మెరుగు పెడుతున్నాను.
కుంకుడు నురగ, చింతపండు పులుసు, ఇత్తడి బ్రష్షు.
నల్లబడ్డ పట్టీలు, భరిణెలు, పసిపిల్లల మొలతాళ్లు
నా దగ్గరికొచ్చి మొహం కడుక్కుని వెళ్తాయి.
నలుపంటే మురికని నా చేతులకు తెలుసు.
అంతకు మించి వాటికెవరూ ఏమీ చెప్పలేదు,

వరహాలుగారు వచ్చేదాకా.

పోర్టులో టాలీ గుమస్తాగా చేసి దిగిపోయిన మనిషి.
పేరులో తప్ప జేబులో ఎప్పుడూ నాణెం నిలవలేదని తనే నవ్వేవాడు.
అల్లిపురంలో ఎవరో పాత ట్రంకుపెట్టె అమ్మితే
అడుగున దొరికిందట, పెళ్లి శుభలేఖలో చుట్టి,
రాణి బొమ్మ రూపాయి.

నేనప్పటికే బ్రష్షు తీశాను.

మణికట్టు పట్టుకున్నాడు.
డెబ్బై ఏళ్ల చెయ్యి అంత గట్టిగా పట్టుకుంటుందనుకోలేదు.
గుమ్మం దగ్గరికి లాక్కెళ్లి, నాణేన్ని ఎండలో కాస్త వంచి
"ఇప్పుడు చూడు" అన్నాడు.

అంచు చుట్టూ వంకాయ రంగు.
దాని లోపల, ఫిషింగ్ హార్బర్ నీళ్ల మీద
బోటు డీజిలు పరుచుకున్నప్పటి నీలం.
ఇంకా లోపల ఆకుపచ్చ, ఆ తర్వాత తేనె,
రాణిగారి చెంప మీదికి వచ్చేసరికి
బంగినపల్లి తొక్క మీద మొదటి పసుపు.
కొంచెం అటు తిప్పితే అన్నీ మాయం.
ఇటు తిప్పితే మళ్లీ.

"ఏటిది, ఎవులేసేరు?" అన్నాను.
"ఎవులూ వెయ్యలేదు. అందుకే దీనికింత గిరాకీ."

టీ చల్లారిపోతున్నా చెబుతూనే ఉన్నాడు.
శుభలేఖ కాగితంలో కాస్త గంధకం ఉంటుందట.
రిఫైనరీ వైపు గాలి తిరిగిన రాత్రుల్లో
మనం కిటికీలు మూసుకుంటామే, అందులో ఇంకాస్త.
తడి సముద్రానిది. ఉక్కపోత జ్యేష్ఠానిది.
అన్నీ ట్రంకుపెట్టె సందులోంచి దూరి
వెంట్రుకలో వెయ్యో వంతు పొర వేసి వెళ్తాయట.
ఆ పొర మందాన్ని బట్టి మన కంటికో రంగు.

"అంటే పాడైనట్టే కదండీ?"
"పాడైందే. ఎంత నిదానంగా పాడైందో చూడవోయ్."

మొన్నామధ్య డాబాగార్డెన్స్ కుర్రాడొకడు
ఇంద్రధనుస్సులాంటి రూపాయలు ఏడు తెచ్చాడట.
ఈయన ముక్కు దగ్గర పెట్టుకుని
"కోడిగుడ్డు" అన్నాడట.
ఉడికిన పచ్చసొనతో డబ్బాలో మూడు రాత్రులు.
"రంగులన్నీ ఉన్నాయి,
వరసలో రాలేదు, అన్నీ ఒకే బస్సెక్కి దిగాయి."

మరి రుద్దితే ఏమవుతుందని అడిగాను.
జవాబు చెప్పలేదు.
బల్ల కింద నా బకెట్టు వైపు చూశాడు,
పొద్దుటినుంచి నల్లబడ్డ నీళ్లు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
ఎప్పుడో, మద్దిలపాలెం నుంచి ఒకావిడ
తొమ్మిది రూపాయల దండ తెచ్చింది.
అంచుల్లో నెమలి మెడ ఉండేది, ఇప్పుడు గుర్తొస్తోంది.
ఒక్కటీ వదలకుండా తోమాను.
ముచ్చటపడి ఆవిడ ఐదు రూపాయలు ఎక్కువిచ్చింది.

తర్వాతి నెల నేనూ ఒకటి కొన్నాను,
పోలిక తెలియని పాత రూపాయి, బూడిద రంగుది.
కరెంటు బిల్లులో చుట్టి
వన్ టౌన్ ఇంట్లో, కెరటాల గాలి తగిలే గూట్లో పెట్టాను.
మాటిమాటికీ విప్పి చూడకూడదట.
నాకు అరవై ఒకటి. అది నీలం తిరిగే నాటికి
గూడు ఎవరిదో, బిల్లు ఎవరు కడతారో.
కోడలితో మాత్రం చెప్పి ఉంచాను:
ఇల్లు సర్దినప్పుడు దాన్ని తొయ్యకమ్మా,
తోమకు కూడా.

దుకాణం మామూలే.
పొద్దున్నే కుంకుళ్లు నానబెడతాను, పట్టీలు వస్తాయి,
కూలి కోసం రుద్దుతాను.
కాకపోతే బ్రష్షు ఆనించే ముందు
ప్రతి దాన్నీ గుమ్మం దాకా తీసుకెళ్లి
ఎండలోకి ఒకసారి వంచుతాను.
గిరాకీలు నవ్వుకుంటారు,
ముసలాడికి చూపు మందగించిందని.