మారుతాళం

కుతైసిలో, బజారు వెనక సందులో,
గొడుగులు బాగుచేసే బాద్రికీ
పాత గడియారాల దుకాణానికీ నడుమ
నాలుగడుగుల కొట్టు నాది.
తాళాలు విప్పుతాను, తాళంచెవులు కోస్తాను.
ఎవరి గుమ్మం, ఏమిటి కథ అని అడగను;
అడిగితే ఈ పనిలో రొట్టె పుట్టదు.

మార్చి నెల. మంచు బురదైన రోజు
కొండమీంచి మఖ్వాలా అనే ముసలమ్మ దిగివచ్చింది.
తలగుడ్డ అంచున ముడి విప్పి
బల్లమీద పెట్టింది: జానెడు ఇనుము,
మూడు పళ్లు, పిడి దగ్గర దానిమ్మపువ్వు.
"దీనికి మారుతాళం చెయ్యి నాయనా.
ఎనభై ఏడొచ్చాయి. ఈమధ్య కళ్లజోడే
రోజుకు రెండుసార్లు పారేసుకుంటున్నాను."

"ఏ తలుపుదమ్మా?"
మొదటిసారి నోరు జారాను.
"ఏ తలుపుకైనా పడుతుంది.
అదే దీంతో తంటా."

రేపు రమ్మన్నాను.

ఆకురాయి నాలుగుసార్లు గీసింది,
ఐదోసారికి ఆకురాయే అరిగింది.
మైనంలో అచ్చు తీస్తే పళ్లు పడలేదు,
పువ్వొక్కటే పడింది.
తూకం వేశాను. పగలు నూటతొంభై గ్రాములు,
దీపం పెట్టాక రెండువందల పది.
ఇనుముకు రాత్రిళ్లు ఆకలేస్తుందా?

చెప్పడానికి సిగ్గుగానే ఉంది.
షట్టరు దించాక,
బొగ్గులూ చీపురూ ఉండే వెనక అర తలుపుకి
దాన్ని పెట్టి తిప్పాను.
వెన్నలో వేలు దిగినట్టు తిరిగింది.

బొగ్గులు లేవు.
మెట్లు. మెట్ల దిగువన వెయ్యి కొవ్వొత్తులు,
ఒక్కటీ కరగడం లేదు.
పళ్లేల్లో రొట్టె ఇంకా పొగలు కక్కుతోంది.
కవచాలు తొడిగిన మనుషులు గోడలకు చేరగిలి
చెప్పులు విప్పకుండా కూర్చున్నారు,
రైలు ఆలస్యమైన ప్రయాణికుల్లా.
సింహాసనం మీద ఏడేళ్ల పిల్ల,
నేలకందని కాళ్లు ఊపుతూ.
కిరీటం జారకుండా ఎవరో లోపల ఉన్ని కుక్కారు.

నన్ను చూసి అందరూ లేచారు.
ఆ లేవడం, ఏం చెప్పను,
ఎండిన చేను ఒక్క మబ్బుకి తలెత్తినట్టు.

"నేను ఖ్వారంజే రాణిని," అంది పిల్ల.
"గుర్రాల దండు నది దాటిందని
మమ్మల్ని ఇక్కడ దాచారు.
యుద్ధం అయిపోగానే తాళం తీసి చెబుతామన్నారు.
అయిపోయిందా?"

నా వెనక, కొట్టులో, రేడియో కట్టెయ్యలేదు.
వార్తలొస్తున్నాయి.
గొంతులో ఏ తొందరా లేకుండా ఒకామె
ఊళ్ల పేర్లు చదువుతోంది.
పిల్లకు ఆ పేర్లు తెలియవు,
వాళ్లు దాక్కునేనాటికి అవి పుట్టలేదు.
సైనికులు మాత్రం ఒక్కొక్కరే
మళ్లీ కూర్చున్నారు.
ఊళ్లు తెలియకపోయినా, ఆ చదవడం తెలుసు వాళ్లకి.

"ఇంకా లేదమ్మా," అన్నాను. "ఇంకాస్త."
"పోనీ, చలికాలం అయిందా?"
"అయింది. బాదం పూసింది."
ఆ మాత్రానికే నవ్వింది.
నవ్వితే కనబడింది, ముందుపన్ను ఒకటి,
నాలుకతో తోస్తోంది దాన్ని.
ఎనిమిది వందల ఏళ్లుగా
ఊగుతూనే ఉన్న పాలపన్ను.

తలుపు మూశాను. తిప్పబోతే
ఈసారి రెండు చేతులూ కావలసివచ్చాయి.

తెల్లారి మఖ్వాలా వచ్చింది.
"మారుతాళం కుదరదమ్మా."
నా మొహంకేసి చూసింది.
"ఏం చెప్పావు?"
"ఇంకా లేదని."
"మా అమ్మా అదే చెప్పింది. నేను మూడుసార్లు చెప్పాను.
ఒకసారి అబద్ధమాడదామనే వెళ్లాను.
ఆ పన్ను చూశాక నోరు పెగల్లేదు."

కూలి కింద గుప్పెడు అక్రోట్లు పెట్టింది.
తాళంచెవి తీసుకోలేదు.
ఖాళీ తలగుడ్డకే మళ్లీ ముడి వేసుకుని,
సందు మలుపుదాకా
వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

ఇప్పుడది నా మెళ్లో, చొక్కా లోపల.
రాత్రయితే దారం కోస్తుంది.
రోజూ పొద్దున్నే రేడియోకి చెవి ఆనించి
ఏం వింటావని బాద్రి అడుగుతాడు.
ఏ ఊరి పేరూ చదవని రోజు కోసం, అనను.
వాతావరణం, అంటాను.